పెద్ద తెరలో చోటు లేని పేరు

మొన్న పుత్తూరు నుంచి వస్తూ ఉంటే, వడమాలపేట దగ్గర బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి ఏదో చీరల అంగడి పేజీ చూస్తూ ఫోనును నిలువు నుంచి అడ్డానికి తిప్పింది. బొమ్మలూ అక్షరాలూ తమంతట తామే సర్దుకుని ఆ వెడల్పులో ఒదిగి కూర్చున్నాయి. ఆ పిల్ల గమనించనైనా లేదు. నేను మాత్రం ఆ తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

నేను బడి ముఖం చూడలేదు. నాయనే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగూ ఇంగ్లీషూ లెక్కలూ నేర్పించాడు. ఇంటర్నెట్ తిరుపతికి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో మా చిన్నాయన కొడుకు, నాకు అన్న, ఒక పాత కంప్యూటరు తెచ్చి మా ఇంట్లో పెట్టి, వెబ్ పేజీలు రాయడం ఓపికగా చూపించాడు. ఆ విద్య పెట్టిన చేతికి ఈనాటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. అందుకే ఇది చెప్పడం ఇంత కష్టంగా ఉంది.

మా మొదటి పని శ్రీకాళహస్తిలోని ఒక కలంకారీ గుడ్డల అంగడిది. ఆ కాలం ఎరిగినవాళ్ళకు జ్ఞాపకముంటుంది, ఒక్కో చోట ఒక్కో సైజు తెర. ఒకరి తెరకు సరిపోయిన పేజీ ఇంకొకరి దగ్గర సగం పక్కకు పోయి దాక్కునేది. కొలతలన్నీ తెర వెడల్పులో ఇంత శాతమని పెడితే ఒకే పేజీ ఏ తెరకైనా సరిపోతుందని, చీర ఎవరు కట్టుకున్నా కుదురుతుంది, రవికైతే కొలత ఇచ్చినవాళ్ళకే కదా అని నేను చెప్పి చూశాను. అన్న నవ్వాడు.

“చీరలూ రవికలూ నువ్వు సూసుకో మే, గిరాకీ సంగతి నేను సూసుకుంటా.”

చివరికి ఆయన మాటే నెగ్గి, చిన్న తెరకొకటీ పెద్ద తెరకొకటీ రెండు పేజీలు రాశాను. తెర వెడల్పు చూసి తగిన పేజీని తెరిచే నాలుగు వరుసల కోడూ నేనే రాశాను. రెండింటి అడుగునా మా ఇద్దరి పేర్లు పెట్టాను. వాటిని తీసుకుపోయి నెట్‌లోకి ఎక్కించింది అన్న.

మా ఇంట్లోది చిన్న తెర. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనూ నాయన దాని ముందుకు పిలుచుకుపోయి, నా చేత ఆ పేజీ తెరిపించి, అడుగున నా పేరు మీద వేలు పెట్టి చూపించేవాడు.

కొన్నాళ్ళకు కాళహస్తిలో స్వామి దర్శనం చేసుకుని, ఆ అంగడికీ పోయాను. కొత్తగా కొన్న పెద్ద తెర మీద మా పేజీ వెలుగుతూ ఉంది. అంగడి పెద్దాయన ఆప్యాయంగానే పలకరించాడు: “ఏమ్మా, మీ యన్న కాడ టైపు కొట్టే పిల్లవి నువ్వేనా?”

పేజీని అడుగుకు దించాను. అన్న పేరు ఒక్కటే ఉంది. నా పేరు వస్తుందేమోనని, బ్రౌజరు విండోను అంచు పట్టి లాగి మా ఇంటి తెరంత సన్నం చేశాను. రాలేదు. నేను రాసిన వరుసలు తెరను కొలిచేవే గాని విండోను కాదు. ఆ సంగతి నాకన్నా ఎవరికి తెలుసు!

తిరిగొచ్చి అడిగితే అన్న తల ఎత్తకుండానే, “పెద్ద పేజీలో సోటు సాల్లేదు మే,” అన్నాడు. చిన్నదాంట్లో పట్టిన పేరు పెద్దదాంట్లో పట్టలేదట! మా ఇంట్లో తెరుచుకునేది చిన్నదే గదా అని, దాన్ని మాత్రం ముట్టుకోకుండా వదిలిపెట్టాడు. పేరు పోయిన బాధ ఎలాగో దిగమింగాను; ఆ జాగ్రత్తను మాత్రం ఇప్పటికీ మింగలేకపోతున్నాను.

నాయనకు చెప్పలేదు. పోయేదాకా ఆ చిన్న తెర మీదే చూసుకుని మురిసిపోయాడు. ఆ మాత్రం దయ చూపిన స్వామికి రుణపడి ఉన్నాను.

బస్సులో ఆ అమ్మాయి పేజీని కిందికంటా జరుపుతూ ఉంటే, పాత అలవాటు కొద్దీ నేనూ అడుగు దాకా చూశాను. ఒకే పేజీ అన్ని తెరలకూ ఒదిగే కాలం వచ్చింది, ఆనాడు నేను అడిగిందీ అదే. రాసినవాళ్ళ పేరు మాత్రం ఎక్కడా లేదు. ఎవరి పేరూ పెట్టకపోతే ఎవరిదీ తీసేసే పని ఉండదు గదా అని సర్దిచెప్పుకున్నాను. మనసు మాత్రం ఒదగలేదు.