మహబూబ్ సాబ్ అడిగిన జవాబు

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే రైలు ధారూర్ దాటుతుండగా ఎదుటి సీటాయన ఫోను ‘టింగ్’ మంది. ఆయన చూడలేదు. మళ్లీ మోగింది. మళ్లీ చూడలేదు. పల్లీలు ఒలుచుకుంటున్నాడు పాపం, చేతులు ఖాళీ లేవు. నేను మాత్రం ఆ చప్పుడును గుర్తుపట్టాను. ఒకప్పుడు మా పనివాళ్ల ఫోన్ల గ్రూపు కోసం పది చప్పుళ్లు విని, వినసొంపుగా ఉందని నేను ఏరి పెట్టింది ఆ ‘టింగ్’నే. అంత వినసొంపైన దాన్ని చివరికి ఎవరూ వినలేదు.

నాది వికారాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. పాలు చల్లబరిచే కేంద్రాల్లో ట్యాంకులకు వేడి కొలిచే పరికరాలు బిగించి, దూరం నుంచి కంప్యూటర్‌లో కనిపెట్టుకుని ఉంటాం. తాండూరు కేంద్రానికి మహబూబ్ సాబ్ పెద్ద. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి లోపల ఎంత చల్లగా ఉందో చెప్పేవారు. మా పరికరానికీ ఆయన చేతికీ తేడా వస్తే, మేము పరికరాన్నే సరిచేసుకునేవాళ్లం.

నేను మొదటిసారి అక్కడికి వెళ్లిన రోజు, ఆయన స్విచ్చు మీద చెయ్యి పెట్టి షెడ్డు అదిరేలా అరిచారు. “మోటర్ చాలు జేస్తున్న!” ట్యాంకు వెనక నుంచి హెల్పరు యాదయ్య గొంతు వచ్చింది. “విన్న, యాదయ్య!” అప్పుడు గానీ స్విచ్చు వెయ్యలేదు. షెడ్డులో ఉన్నది మేం ముగ్గురమే. ఆయన నావైపు చూస్తూ నిలబడ్డారు. నేనూ చెప్పాలన్నమాట.

“గిదేంది సాబ్, పాల సెంటరా, హాజరు పిల్చే బడా?” అన్నాను.

“హాజరు పలికితె పానం వోదు బిడ్డా. పలకకుంటెనే వోతది. చెప్పు.”

“విన్న, రజిత.”

ఆ అలవాటు ఎక్కడిదో తర్వాత చాయ్ తాగుతూ చెప్పారు. వయసులో ఉన్నప్పుడు ఆయన నాపరాతి గనిలో పనిచేశారు. పై పొర పేల్చే మందు ముట్టించే ముందు ఈల వేసి, ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలిచే పని ఆయనది. ‘విన్న’ అని పేరుతో సహా జవాబు రావాలి. ఒకరోజు ఒకతను పలకలేదు. “బీడీ తాగుతుండొచ్చు, వినే ఉంటడు అనుకున్న. కాలు వోయింది వానికి.” చాయ్‌లో పడ్డ ఆకు తీసి పారేసినంత మామూలుగా చెప్పారు. “ఊకున్నడంటె విన్నడని కాదు బిడ్డా. గా ఒక్కటి యాదిల వెట్టుకో.” నేను అప్పుడు కూడా ఏదో జోక్ వేశాను. ఏమిటో గుర్తులేదు. గుర్తు లేకపోవడమే మంచిది.

ఆ తర్వాత నేను వెబ్‌హుక్ పెట్టాను. పేరే గంభీరం, లోపల పెద్ద బ్రహ్మవిద్యేమీ లేదు. ట్యాంకులో వేడి హద్దు దాటగానే మా వ్యవస్థ తనంతట తానే ఒక చిరునామాకు కబురు పంపుతుంది. అక్కడి ప్రోగ్రాము దాన్ని అందుకుని మా అందరి ఫోన్లున్న గ్రూపులో వేస్తుంది. అందినట్టు గుర్తుగా రెండు వందలు అనే అంకె తిరిగి వస్తుంది. సాబ్‌కు గర్వంగా చూపించాను.

“అందిందని చెప్పిందెవరు?” అన్నారు.

“అవతలి ప్రోగ్రాము, సాబ్.”

“దానికి పేరుందా?”

“లేదు.”

“నడుచుకుంట వచ్చి మోటర్ సూస్తదా?”

“సాబ్, గింత ఫికర్ ఎందుకు? ఇగ మీరు ఎవ్వరికీ ఫోన్ చెయ్యొద్దు. ఏమున్నా గ్రూపుల ఎయ్యుర్రి, అందరికి చేరుతది.”

ఆయన తల ఊపారు. చదువుకున్న పిల్ల చెప్పింది కదా.

చిక్కు మూత దగ్గర వచ్చింది. పాలు పోయడానికి ట్యాంకు మూత తీసిన ప్రతిసారీ లోపలి వేడి కాస్త పెరిగేది, గ్రూపులో ‘ప్రమాదం’ అని పడేది. పొద్దంతా ప్రమాదమే. పది నిమిషాలు ఆగి, అప్పటికీ వేడి తగ్గకపోతేనే కబురు పంపమని మార్చాలి. అరగంట పని. నేను కేంద్రానికి వెళ్లినప్పుడల్లా సాబ్ అడిగేవారు. “గా మూత సంగతి జర సూడు బిడ్డా. గిట్ల ఊకె మొత్తుకుంటె ఎవడింటడు?” నేను ప్రతిసారీ “విన్న, రజిత” అనేదాన్ని. ఆ కేంద్రంలో ఆ మాటను అబద్ధానికి వాడిన మొదటి మనిషిని బహుశా నేనే. మూడు వారాలు గడిచాయి. కబుర్లు మార్చలేదు గానీ, గ్రూపు చప్పుడు మాత్రం ఆపేసుకున్నాను. మిగతావాళ్లూ ఆపేశారని తర్వాత తెలిసింది.

ఎండాకాలం. ఒక మధ్యాహ్నం మూడింటికి యాదయ్య ఫోన్ చేశాడు. అన్నం తిని కేంద్రానికి తిరిగొచ్చేసరికి సాబ్ ట్యాంకు పక్కన కుర్చీలోనే ఉన్నారట. “లేస్తలేడక్కా,” అన్నాడు. ఎందుకో గ్రూపు తెరిచాను. పొద్దుటి నుంచి పేరుకున్న ‘ప్రమాదం, ప్రమాదం’ల కింద, ఒంటిగంటా నలభైకి, సాబ్ రాసింది ఉంది: ‘రొమ్ముల పట్టినట్టున్నది. జర ఎవరన్న రార్రి.’

యాదయ్య ఇల్లు కేంద్రానికి రెండు వీధుల అవతలే. నేను చూసి ఉంటే ఒక్క ఫోన్ చాలు. ఆసుపత్రిలో డాక్టరు, ముందే తెచ్చినా ఏమయ్యేదో చెప్పలేం అన్నాడు. ఆ ‘చెప్పలేం’ను ఊరట అనుకోవాలో శిక్ష అనుకోవాలో ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను.

మర్నాడు సాబ్ వాళ్లింటికి వెళ్లాను. ఎంత పెద్ద ఏడుపులోనైనా గాలి తీసేసే మాట ఒకటి నా దగ్గర ఉంటుందని పేరు. ఆ రోజు ఒక్కటీ లేదు. సాబ్ భార్య, మా అందరికీ చాచీ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. “ఎవ్వర్ని పిల్వలేదా బిడ్డా ఆయన?”

లేదు అంటే సరిపోయేది.

“పిలిచిండు చాచీ. గ్రూపుల రాసిండు. నేను సూడలే.”

“నువ్వొక్కదానివేనా?”

“ఎవ్వరం సూడలే. గట్ల గ్రూపుల ఎయ్యుమని చెప్పింది మాత్రం నేనే.”

ఆమె నన్ను తిట్టలేదు. కొంగు అంచు మడతపెట్టుకుంది. “ఇంట్ల గూడ గంతే ఉండె. చాయ్ వెట్టు అంటె, విన్న అనేదాక దర్వాజల నిలవడెటోడు,” అంది. మడత విప్పి, “నిన్న గూడ గట్లనే జవాబుకు ఎదురుసూసిండొచ్చు,” అంది.

ఆ రాత్రి కాదు, వారం తర్వాత గానీ మూత సంగతి సరిచేయలేదు. అరగంట కూడా పట్టలేదు. ఇప్పుడు నేను పెట్టే ఏ కేంద్రంలోనైనా కబురు గుంపుకు పోదు, ఒక మనిషికి పోతుంది. మూడు నిమిషాల్లో ఆ మనిషి ‘విన్న’ అని పేరుతో రాయాలి. రాయకపోతే తర్వాతి మనిషి ఫోను మోగుతుంది, చెవులు చిల్లులు పడేలా. వినసొంపు చప్పుళ్లు ఇక నేను పెట్టను. ఆఫీసులో దీన్ని ‘రజిత హాజరు’ అని నవ్వుతారు. నవ్వనీ. జోకు నాదే, మొదట వేసింది నేనే.

సాబ్ రాసిన మాట కింద ఒకసారి ‘విన్న, రజిత’ అని టైపు చేసి చెరిపేశాను. మందు పేలాక వచ్చే జవాబుకు గనిలో లెక్క లేదు.

అలవాటు ఇంటిదాకా వచ్చింది. నిన్న అమ్మ వంటింట్లోంచి, “వాన వచ్చేటట్టున్నది, బట్టలు తియ్యి,” అంది.

“విన్న, రజిత,” అన్నాను.

“నీ పేరు నాకు తెల్వదానే?” అంది అమ్మ.

తెలుసు. లేచి వెళ్లి బట్టలు తీశాను.