నస్పూర్‌లో గాలి చొరని గది

కరీంనగర్ నుంచి నస్పూర్‌కు సరదాగా వెళ్ళేవాళ్ళెవరూ ఉండరు. గనుల్లో మనవాళ్ళు పనిచేస్తుంటేనే వెళతాం. నేను మా చెల్లెలు రాజవ్వ కోసం వెళ్ళాను. మమ్మల్ని కన్న అవ్వ లేదు కనుక రాజవ్వ పురుళ్ళు అత్తగారింట్లోనే. ముందటేడు చలికాలంలో పుట్టిన మొదటి కొడుకు వారం తిరక్కుండానే పోయాడు. ఇప్పుడు రెండోవాడు పుట్టాడనీ, పాలు తాగడం లేదనీ కబురొచ్చింది. మగ్గం మీద సగం నేసిన చీరను అలాగే వదిలేసి బయలుదేరాను.

తెల్లవారే బస్సెక్కితే పెద్దపల్లి, అక్కడి నుంచి మంచిర్యాలకు రైలు. బస్సు వేళకే వచ్చింది గానీ, రైలు మాత్రం మా ఓపికంతా చూశాకే వచ్చింది. గోదావరి వంతెన మీద అందరూ కిటికీలకు అతుక్కుపోయి నదిలోకి పైసలు విసిరారు. నాకు చూడబుద్ధి కాలేదు. మంచిర్యాల స్టేషన్ బయట నస్పూర్‌కు టాంగాలు ఉంటాయి. మనిషికి పావలా, కానీ బండి నిండేదాకా కదలరు. బండి మొత్తానికీ నేనే ఇస్తానన్నాను.

"గంత తొందరేందక్కా?" అన్నాడు టాంగా అతను. సంగతి చెప్పాను. ఇంకేమీ అడక్కుండా గుర్రాన్ని అదిలించాడు.

ఎండ ఇంకా ఉండగానే చేరాను. గని పనివాళ్ళ ఇళ్ళు కదా, ప్రతి వాకిట్లోనూ బొగ్గు కుప్పే. రాజవ్వ గదికి ఉన్న ఒక్క కిటికీని గోనెసంచులతో మూసి, సందుల్లో మట్టి మెత్తారు. మంచం కింద కుంపటిలో బొగ్గులు ఎర్రగా కాలుతున్నాయి.

"పెద్దోనికి గాలి సోకింది బిడ్డా. గీసారి చీమ దూరే సందు సుత ఉంచలే," అంది రాజవ్వ అత్త పోశవ్వ. ఆమె ప్రేమకేం తక్కువ లేదు.

పిల్లవాడు గుప్పెడంత ఉన్నాడు. కడుపుతో ఉన్నన్నాళ్ళూ రాజవ్వ ఆ గదిలోనే బొగ్గు పొయ్యి మీద దగ్గుకుంటూ వండిందట. కాసేపు కూర్చునేసరికి నాకు తల పగిలిపోయింది, కడుపులో తిప్పింది. వాకిట్లోకి పరుగెత్తాను. గాలి తగలగానే తేలికైంది. మూసిన గదిలో ఆ బొగ్గుల పొగకు నాకే ఇలా ఉంటే ఆ పసివాడి గతేమిటి?

లోపలికెళ్ళి వాణ్ణి దుప్పట్లో చుట్టి ఎత్తుకున్నాను.

"బయటకు తీస్కపోతవా? సంపుతవా పోరన్ని?" పోశవ్వ అడ్డంపడింది.

"బతికించెతందుకే వచ్చిన అత్తా, జర పక్కకు జరుగు," అన్నాను.

రాజవ్వను కూడా నడిపించుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టాను. కుంపటి బయటపెట్టి గోనెసంచులు పీకేశాను. చాలాసేపు పిల్లవాడిలో ఉలుకూ పలుకూ లేదు. తప్పు చేశానేమోనని మాటిమాటికీ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. పొద్దు గుంకే వేళకు వాడు కదిలి, సన్నగా ఏడ్చి, రొమ్ము పట్టాడు. పోశవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

రాజవ్వ మొహంలో మాత్రం నవ్వు లేదు.

"అక్కా, గట్లయితే పెద్దోడు గాలి సోకి పోలేదా?"

నేను ఆమె ఒళ్ళో ఉన్న పసివాడి దుప్పటి సర్దాను.

"పెద్దోనికి సలి పెడ్తుందని కుంపట్ల బొగ్గులు నేనే ఏసిన గద," అంది.

రాజవ్వను పట్టుకుని ఏడ్చాను. రెండోవాడు దక్కాడని సంతోషించాలో, మొదటివాడు కూడా దక్కేవాడని కుమిలిపోవాలో తేలక తిరుగు రైల్లో పెద్దపల్లి దాకా అదే ఆలోచిస్తూ వచ్చాను. బాలింతను చూడ్డానికి గనుల వైపు వెళ్ళేవాళ్ళకు నాదొక్క మాట. బెల్లం, నెయ్యి తర్వాత ఇవ్వొచ్చు, ముందు కిటికీ తెరిచి కుంపటి బయటపెట్టండి. ఎందుకో ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి. ఇదివరకే ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట మాత్రం చెప్పకండి.