నిమ్మచెక్కతో తుడిచేసిన వేలిముద్రలు

2023 ఆగస్టు. పాలకొల్లు బస్టాండు పక్క సందులో నా ఆన్‌లైన్ సెంటరు. జిరాక్సులు, పాస్‌పోర్టు దరఖాస్తులు, పింఛనుదారుల వేలిముద్రలు, అన్నీ ఆ చిన్న గదిలోనే. విదేశాల్లో చదువుకోవడానికి వెళ్ళే పిల్లల కాగితాలు సర్దిపెట్టడం వీటన్నిట్లో నాకు ఇష్టమైన పని. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో అందరికీ తెలుసు. ఫైలు చక్కగా కడతానని కూడా తెలుసు, అందుకే తిట్లు తింటూనే వస్తారు.

ఆ రోజు సత్యవతి, ఆమె కూతురు నాగలక్ష్మి వచ్చారు. నరసాపురం అవతల సముద్రపు ఒడ్డున వాళ్ళ ఊరు. తండ్రి వేటకు వెళతాడు. తల్లీకూతుళ్ళు రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తారు. షెడ్డుకు వెళుతూనే ఆ పిల్ల డిగ్రీ ఫస్టు క్లాసులో పాసైంది. ఇంగ్లండులో ఫుడ్ సైన్స్ పీజీకి సీటు, దాంతోపాటు స్కాలర్‌షిప్పు తెచ్చుకుంది. సెప్టెంబరు ఆఖరుకల్లా అక్కడ చేరకపోతే రెండూ పోతాయి.

మార్కుల మెమోలు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఊపిరితిత్తుల్లో జబ్బు లేదని చెప్పే టీబీ సర్టిఫికెట్టు, అన్నీ వరసలో పెట్టాను. ఇక మిగిలింది బయోమెట్రిక్స్. అంటే వీసా సెంటరులో ఫొటో తీసి, పది వేళ్ళ ముద్రలూ తీసుకోవడం. దానికి హైదరాబాదు వెళ్ళాలి. అంత దూరం వెళ్ళేవాళ్ళ చేత ముందుగా నా పింఛన్ల మిషను మీద వేళ్ళు పెట్టించి చూడటం నాకు అలవాటు. ముద్ర సరిగ్గా పడితే స్క్రీన్ మీద పచ్చగా, పడకపోతే ఎర్రగా చూపిస్తుంది.

నాగలక్ష్మి బొటనవేలు పెట్టింది. ఎరుపు. తుడిచి మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ ఎరుపే. ఒక్కో వేలూ పెట్టించాను, పదీ ఎరుపే.

"చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాను. వేళ్ళ కొసలు తెల్లగా, నున్నగా, పొరలు లేచి ఉన్నాయి. ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచేవాళ్ళకి చర్మం అరగడం నేను చూసిందే. ఇది మరీ ఎక్కువగా ఉంది. పైగా గుప్పున నిమ్మకాయ వాసన.

"ఏంటమ్మా ఇది?"

పిల్ల తల దించుకుంది. సత్యవతే చెప్పింది. "నేనే తోమేనండి. నిమ్మచెక్క, బూడిద పెట్టి కొబ్బరిపీచుతో రెండు పూటలా. పెద్దాఫీసర్ల ముందు కూర్చుంటాది కదండీ. పిల్ల దగ్గర నీచు వాసన రాకూడదని."

నాకు ఒళ్ళు మండింది. "గిన్నె తోమినట్టు తోమేశావా పిల్లని? వాళ్ళు వాసన చూసి వీసా ఇస్తారా? వాళ్ళకి కావాల్సింది ఆ వేళ్ళ మీద గీతలే. వాటినే తుడిచేశావు!"

సత్యవతి ముఖం పాలిపోయింది. "ఇస్కూల్లో దీని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదండి, వాసనొత్తుందని. అక్కడైనా అలా కాకూడదనుకున్నానండి. నా చేత్తో నేనే పాడు చేసేనా మేడంగారూ? ఇంక రావాండి గీతలు?"

నా కోపం అంతా ఎటు పోయిందో తెలియదు. లేచి వాళ్ళిద్దరికీ మంచినీళ్ళు ఇచ్చాను.

"వస్తాయి. కొత్త చర్మంతోపాటు గీతలు కూడా వస్తాయి. కాకపోతే షెడ్డు బంద్, నిమ్మకాయ బంద్, పీచు బంద్. రాత్రిపూట వ్యాజిలీను రాయి" అని, హైదరాబాదు అపాయింట్‌మెంటు వీలైనంత ఆలస్యంగా ఉన్న తేదీకి మార్చాను. చర్మం వస్తుందని ధైర్యమైతే చెప్పాను గానీ, ఆ లోపు వస్తుందా అని నాకూ భయంగానే ఉంది.

ఆ తర్వాత జాగ్రత్తలో సత్యవతి నన్ను మించిపోయింది. షెడ్డులో కూతురి వంతు పని కూడా తనే చేసింది. వారం వారం వేళ్ళు చూపించడానికి వచ్చినప్పుడు నాగలక్ష్మి నాతో మొర పెట్టుకునేది.

"జడ కూడా అమ్మే వేస్తోందండి. అన్నం కలిపి నోట్లో పెడుతోంది. వీధిలో అందరూ నవ్వుతున్నారండి."

"నవ్వితే నవ్వనీ. పచ్చ వచ్చేదాకా నీ చేతులు నావి" అనేది సత్యవతి.

మొదట ఉంగరం వేలు పచ్చగా వచ్చింది. తర్వాత చూపుడు వేలు. ఒక్కో వేలు పచ్చబడినప్పుడల్లా సత్యవతి నా చెయ్యి పట్టుకుని ఊపేసేది. పింఛను కోసం వచ్చిన ముసలమ్మలు కూడా తమ పని మరిచిపోయి స్క్రీన్ వైపు చూసేవాళ్ళు. ఒక బొటనవేలు మాత్రం చివరిదాకా ఏడిపించింది.

అపాయింట్‌మెంటు రోజు హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. "పదీ తీసుకున్నారండి!" అంది నాగలక్ష్మి. వెనకాల తల్లి ఏడుపు వినిపిస్తోంది. ఫోను పెట్టేసి నేనూ ఏడ్చాను.

వీసా వచ్చాక, ప్రయాణానికి ముందు ఇద్దరూ చెప్పి వెళ్ళడానికి వచ్చారు. ఉన్నట్టుండి నాగలక్ష్మి తల్లి చెయ్యి పట్టుకుని మిషను మీద పెట్టింది. ఎరుపు. అన్ని వేళ్ళూ ఎరుపే.

"నాకెందుకే? నేనెక్కడికి పోతాను?" అంది సత్యవతి, చెయ్యి లాక్కుంటూ.

"నాకు పీజీ పట్టా ఇచ్చే రోజు నువ్వు అక్కడ కూర్చోవాలి. దానికి నీక్కూడా పాస్‌పోర్టు, వీసా కావాలి." సంచిలోంచి రబ్బరు గ్లౌజులు తీసి తల్లి ఒళ్ళో పెట్టింది.

"ఇవేసుకుంటే పని సాగదే."

"సాగినంతే సాగనీ. ఇప్పుడు నీ చేతులు నావి."

అప్పటినుంచి నా బల్ల ముందుకు ఎవరొచ్చినా కాగితాల కంటే ముందు చేతులు చూస్తున్నాను. ప్రేమ ఎంత పొరపాటు చేయిస్తుందో ఆ వేళ్ళే నాకు నేర్పాయి. ఆ పొరపాటును దిద్దింది కూడా ఆ ప్రేమే.

ఆ చలికాలంలో ఒక పొద్దున షట్టరు ఎత్తేసరికి సత్యవతి మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికొచ్చి మిషను మీద ఒక్కో వేలూ పెట్టింది. ఎరుపు, ఎరుపు, ఎరుపు. చిటికెన వేలు దగ్గర స్క్రీన్ పచ్చగా మారింది.

"పిల్లకి ఫోను కలపండి మేడంగారూ. నేనే చెప్తాను."

"అక్కడ ఇంకా తెల్లవారలేదమ్మా" అన్నాను.

"లేపండి" అంది.