బయటి వరుస

ఈ రోజు పొద్దున మా కాలనీ పార్కులో తోటమాలి పూల మొక్కల నడుమ పాతిన మేకుకు తాడు కట్టి, వాటి చుట్టూ గుండ్రంగా గీత గీసి, దాని మీద బంతినారు నాటుతున్నాడు. చూస్తూ నిలబడిపోయాను.

మా తిరుమలగిరి పక్క పెరిగిన నా ఈడువాళ్ళారా, మీ ఇంటెనక కూడా బతుకమ్మ పూల మడి ఉండేదా? మా అవ్వ మడిని బతుకమ్మలాగే గీసేది. నడుమ గుంజ పాతి, చాంతాడు కొస నా చేతికిచ్చి చుట్టూ తిరగమనేది. బయటి వరుసలో బంతి, దాని లోపల సీతజడ, నట్టనడుమ గౌరమ్మను చేసే గుమ్మడి.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక యేడు వానలు మొహం చాటేశాయి. బోరు ఎండింది. మడికి అంట్లు కడిగిన నీళ్ళే దిక్కయ్యాయి.

"బయటి వరుసకు పొయ్యకు బిడ్డా" అంది అవ్వ. బంతి మాడిపోయింది. కొన్నాళ్ళకు, "సీతజడకు గూడ ఇడిసిపెట్టు" అంది.

"గట్లయితే బతుకమ్మను దేంతోటి పేర్వాలె అవ్వా?" అని ఏడ్చాను.

"నడుమది బతికితె సాలు. గౌరమ్మన్న ఉంటది."

నేను తాగే నీళ్ళు తీసుకెళ్ళి బంతి మొదట్లో పోశాను. నేల సుర్రున పీల్చేసింది. మొక్క లేవలేదు.

పండుగనాడు గుమ్మడి ఒక్కటే పూసింది. అవ్వ దానితో గౌరమ్మను చేసి తాంబాళంలో పెట్టింది. చుట్టూ ఒక్క పువ్వు లేదు. ఆ తాంబాళం పట్టుకుని వాడలోకి పోలేక ఇద్దరం గడపలోనే కూర్చున్నాం.

పార్కులో తోటమాలి పైపు తిప్పి నడిమి మొక్కలకు నీళ్ళు పెట్టాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, జర ముందుగాల బయటి వరుసకు పొయ్యరాదే."