లాటుకొక్కటే గడి

పోయిన వారం మా బావతో కలిసి ఆళ్లగడ్డలో విత్తనాల అంగడికి పోయాను. అక్క పోయినప్పటి నుంచి ఆయన ఒంటరివాడు, చూపు కూడా సరిగా ఆనడం లేదు కాబట్టి పత్తి విత్తనాలు కొనే రోజుల్లో నన్ను నంద్యాల నుంచి పిలిపించుకుంటాడు. అంగడతను ప్యాకెట్టు మీదున్న క్యూఆర్ గళ్ల గుర్తుకు ఫోను చూపించి, తెరమీద వచ్చిన అంకెను మా ముందు పెట్టాడు. మొలక శాతం తొంభై. ఈ మొలకలు ఎవరు చూశారని అడిగాను. "ఎవరో చూసేదేందమ్మా, సిస్టంలోనే ఉండాది కదా" అన్నాడు. అతను తప్పుగా ఏమీ అనలేదు, నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మాట విన్నాక నేను అతని మీద గట్టిగా అరిచాను, బావ నా మోచెయ్యి పట్టుకుని బయటకు తీసుకొచ్చి, నీడలో నిలబెట్టి, సోడా ఇప్పించాడు. ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదని నాకు అప్పుడే తెలిసింది.

మా నాయన దూదేకేవాడు. పత్తి, పత్తిగింజ పుట్టినప్పటి నుంచి చూసినవే కాబట్టి, పెళ్లయిన పదేళ్లకు మా ఆయన పోయి, ఇద్దరు పిల్లలతో నంద్యాలలో నిలబడవలసి వచ్చినప్పుడు, ఒక విత్తనాల కంపెనీలో పని అడగడానికి నాకు భయమనిపించలేదు. నన్ను మొలకల గదిలో పెట్టారు. గోడౌనులోని ప్రతి లాటు నుంచి, అంటే ఒకే పంట నుంచి వచ్చి ఒకే నంబరు పడిన బస్తాల నుంచి, నాలుగు వందల గింజలు తెచ్చి తడి కాగితాల్లో వరుసగా పేర్చి, చాపలా చుట్టి నిలబెట్టేదాన్ని. పన్నెండో రోజు విప్పి, వేరు తిన్నగా దిగి ఆకు విచ్చినవి ఒక పక్కకు, వంకర పోయినవి ఒక పక్కకు, కుళ్లినవి ఒక పక్కకు తీసి లెక్క రాసేదాన్ని. పదో తరగతి చదివినదాన్ని, అయినా ఆ గదిలో నేను కాదన్న లాటు గేటు దాటేది కాదు. నా చీటీ మీద గోడౌను పెద్దాయన సంతకం చెయ్యాలి. ఆయన్ను నేను మామా అని పిలిచేదాన్ని. నా చీటీని కూడా ఊరికే నమ్మేవాడు కాదు, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, చుట్ట విప్పించి, ఒక మొలకను వేళ్ల మధ్య పట్టుకుని చూసి, అప్పుడు సంతకం పెట్టేవాడు. నాకు ఒళ్లు మండేది. నా మీద ఇంత అనుమానమేందని లోలోపల తిట్టుకునేదాన్ని. ఆ అనుమానం విలువ తెలిసేసరికి అది లేకుండా పోయింది.

పెద్ద యజమానికి జబ్బు చేసి, ఆయన అల్లుడు కంపెనీ చూసుకోవడానికి వచ్చిన ఏడాది మాకు కంప్యూటర్లు వచ్చాయి. నిజం చెప్పాలి కదా, మొదట్లో నాకు అవి బాగా నచ్చాయి. ఏ గోడౌనులో ఏ లాటు ఎన్ని బస్తాలుంది, చాగలమర్రి డీలరు దగ్గర ఎంత మిగిలింది, బండి ఆత్మకూరు వైపు ఏ రకం అడుగుతున్నారు, ఇవన్నీ పైన గదిలో ఒక తెరమీద కనిపించేవి. అంతకు ముందు ఇవి తెలుసుకోవాలంటే నలుగురు మనుషులు రెండు రోజులు తిరగాలి. అల్లుడు సారు పొద్దున్నే వచ్చి ఆ తెర చూసి, ఏ లారీ ఎక్కడికి పోవాలో పావుగంటలో తేల్చేసేవాడు. మొలక బాగున్న లాటు పచ్చగా, బాగాలేనిది ఎర్రగా కనపడేది. నా చీటీలు పోయాయి, మామ సంతకం పోయింది. నేను లెక్క రాసి పైకి పంపితే, కంప్యూటరు అమ్మాయి దాన్ని లోపల ఎక్కించేది, గేటు పాసు మిషన్లోంచే వచ్చేది.

ఆ వేసవి చివర్లో గాలివాన వచ్చి రెండో గోడౌను పైరేకులు లేచిపోయాయి. ఒక లాటు బస్తాలు తడిశాయి. రెండు రోజులు ఎండలో ఆరబోసి మళ్లీ ఎత్తి పెట్టారు గానీ, మామకు మనసు ఒప్పలేదు. ఆ లాటును నేను మార్చిలోనే చూశాను, అప్పుడు బ్రహ్మాండంగా మొలిచింది. అయినా మళ్లీ చూడమని తనే గింజలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పన్నెండో రోజు చుట్ట విప్పితే పులిసిన వాసన కొట్టింది. నూటికి నలభై కూడా మొలవలేదు. లెక్కల పుస్తకంలో కార్బన్ కాగితం పెట్టి రాసి, పై కాగితం చించి కంప్యూటరు అమ్మాయికి ఇచ్చాను. ఆ అమ్మాయి చాలాసేపు తెరమీద అటూ ఇటూ వెతికి, "అక్కా, లాటుకొక్కటే గడి ఉండాది. దాంట్లో మార్చి లెక్క ఉండాది. దాని మీద రాయనీదు" అంది. హైదరాబాదులో ఆ సిస్టం చేసినవాళ్లకు ఫోను చేస్తే, వచ్చే నెల మార్పుల్లో చూస్తామన్నారట. ఆ అమ్మాయి నా కాగితాన్ని ఒక ఫైల్లో భద్రంగా పెట్టింది.

నాలుగు రోజుల తరువాత ఆళ్లగడ్డ వైపు మంచి వాన పడింది. డీలర్ల ఫోన్లు ఆగడం లేదు. మామ నా గది గుమ్మం దగ్గరికొచ్చి, "తడిసిన లాటు లారీకెక్కిస్తాండారమ్మా. ఆళ్లగడ్డకంట. నన్ను అడగనే లేదు" అన్నాడు. నేను పుస్తకం పట్టుకుని పైకి పరుగెత్తాను. అల్లుడు సారు మర్యాద తెలిసిన మనిషి, ఫోను చెయ్యి అడ్డం పెట్టి నా మాట విన్నాడు కూడా. విని, తెర నావైపు తిప్పాడు. ఆ లాటు పచ్చగా ఉంది.

"నేను దీన్ని చూసి లారీలు పంపాలా, మీ కాగితం చూసి పంపాలా అమ్మా? మీ గదిలో తడి ఎక్కువై బూజు పట్టి ఉంటుంది. మళ్లీ వేసి చూడండి."

మళ్లీ వెయ్యడమంటే ఇంకో పన్నెండు రోజులు. అది ఆయనకు తెలుసో తెలియదో నాకిప్పటికీ తెలియదు. నాకు మాత్రం తెలుసు. తెలిసీ, సరే సార్ అని కిందికి దిగొచ్చాను. కొత్త కాగితాలు తడిపి, గింజలు పేర్చడం మొదలుపెట్టాను. కిటికీలోంచి లారీ గేటు దాటడం కనిపించింది. తలెత్తి చూసి, మళ్లీ గింజల మీదికి తల వంచుకున్నాను. ఆయన మీద ఎంత కోపముందో, ఆ తల వంచుకున్న మనిషి మీద కూడా అంతే ఉంది నాకు.

రెండోసారి వేసినవీ అట్లాగే కుళ్లాయి, ఆ కాగితమూ ఫైల్లోకే పోయింది. మూడు వారాలకు రైతులు రెండు ట్రాక్టర్లలో వచ్చి గేటు ముందు దిగారు. తువ్వాళ్లలో మట్టితో సహా తవ్వి తెచ్చిన గింజలున్నాయి, పగలనివి కొన్ని, పగిలి లోపలే కుళ్లినవి కొన్ని. వాళ్లలో మా బావ ఉన్నాడు. ఆయనకు నాలుగెకరాలు సొంతం, ఇంకో మూడు గుత్తకు తీసుకున్నాడు, ఏడెకరాల్లోనూ ఈ విత్తనమే వేశాడు. అల్లుడు సారు వాళ్లను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, మిషన్లోంచి ఒక కాగితం తీయించి తలా ఒకటి ఇచ్చాడు. లాటు నంబరు, మొలక శాతం, ఉత్తీర్ణం అన్న మాట, దాని కింద పరీక్షించినవారు అని నా పేరు. బస్తాలు తడవక ముందటి మార్చి లెక్క కింద, నన్ను అడగకుండా, మిషను తనంతట తానే నా పేరు అచ్చు వేసింది. విత్తనంలో లోపం లేదు, లోతుగా నాటి ఉంటారని ఆయన రైతులకు చెప్పాడు. బావ ఆ కాగితం చదివి, మెట్ల మీద నిలబడ్డ నన్ను చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు నాకు పనికి పోబుద్ధి కాలేదు, మధ్యాహ్నం బస్సుకు అక్క మా ఇంటికొచ్చింది. చెంబుతో నీళ్లిస్తే తాగలేదు. మంచం మీద కూర్చోకుండా, గడప పక్కనే నిలబడి ఆ కాగితం నా ముందు పరిచింది.

"ఇది నీ పేరేనా?"

ముందురోజే ఇంటికి తెచ్చుకున్న లెక్కల పుస్తకం తీసి కార్బన్ లెక్క చూపించాను. గడి సంగతి, అల్లుడు సారు మాట, అన్నీ చెప్పాను. అక్కకు చదువు రాదు, కానీ నేను చెప్పింది అక్షరం పొల్లు పోకుండా విన్నది. విని, ఒకటే అడిగింది.

"లారీ ఆళ్లగడ్డకు పోతాందని నీకు తెలుసు కదమ్మే. అంగడాయనకు ఒక ఫోను చేసింటే ఏం పోయేది?"

ఉద్యోగం పోయేది. ఆ మాట నా నోటి దాకా వచ్చింది గానీ, ఏడెకరాలు పోయిన మనిషి ముందు అది బయటికి రాలేదు. అక్క ఆ కాగితం మడిచి కొంగున ముడేసుకుని, వచ్చిన బస్సులోనే వెనక్కి పోయింది.

ఆ సాయంత్రమే పుస్తకం ఆఫీసులో అప్పజెప్పమని కబురొచ్చింది. నేను అప్పజెప్పలేదు. తెల్లవారి ఆళ్లగడ్డ బస్సెక్కి, రైతులు కూడిన చోటికి పోయి, అందరి ముందు ఆ పేజీ తీసి చదివి, వాళ్లతో పాటే వ్యవసాయాధికారి దగ్గరికి పోయి ఇచ్చాను. చెయ్యవలసిన పనే, కాకపోతే మూడు వారాలు ఆలస్యంగా చేశాను. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు, రైతుల మీది గౌరవంతో అని చెప్పి కొత్త ప్యాకెట్లు పంచింది. అప్పటికి అదను దాటిపోయింది. బావ మళ్లీ దున్ని, మళ్లీ నాటి, సగం పంట కూడా తీయలేకపోయాడు, గుత్త చేను వదులుకున్నాడు. నన్ను పనిలోంచి తీసేశారు. నాతో పాటు కంప్యూటరు అమ్మాయిని కూడా తీసేశారు, వచ్చిన ఫలితాన్ని ఎక్కించలేదని. ఎక్కించడానికి చోటే లేని ఫలితాన్ని ఎక్కించలేదని ఒక ఆడపిల్ల పొట్ట కొట్టారు. ఆ దసరాకు సిస్టంలో రెండో గడి పెట్టించారని, పూజ చేసి అందరికీ మిఠాయి పంచారని మామ వచ్చి చెప్పినప్పుడు, నేను నవ్వానో ఏడ్చానో గుర్తులేదు.

అక్క ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. పండగకు రాలేదు, పిలవలేదు. నేను ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని రవికెలు కుట్టుకుంటూ బతికాను. మరుసటి ఏడు తొలకరికి ముందు ఒకరోజు మిషను తొక్కుతుంటే గుమ్మంలో నీడ పడింది. అక్క లోపలికొచ్చి, కొంగు ముడి విప్పి, రంగు పూసిన పత్తిగింజలు ఒక దోసెడు నా ముందు పోసింది.

"మొలకేసి చూడు. నువ్వు చెప్పినంకనే నాటుతాం."

అంతే అన్నది. పోయినేటి సంగతి ఆ రోజు ఎత్తలేదు, తరువాతా ఎప్పుడూ ఎత్తలేదు. నేను పాత పంచె తడిపి గింజలు పేర్చాను, అక్క మంచం మీద కూర్చుని నీళ్లడిగి తాగింది. పన్నెండు రోజులకు కబురు పంపితే బావ నాటాడు. ఆ సంగతి ఊళ్లో తెలిసి మరుసటి ఏడు ఇంకో ఏడెనిమిది మంది వచ్చారు. తరువాత తరువాత ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల నుంచి, కొంగుల్లో, తువ్వాళ్లలో, మందుల డబ్బాల్లో గింజలు తెచ్చి, పేర్లు రాయించి పోయేవాళ్లు. మా ఇంట్లో మంచాల కింద కూడా తడి గుడ్డలే. బాగాలేదని నేను చెబితే ప్యాకెట్టు పట్టుకుపోయి అంగట్లో గొడవ పడేవాళ్లు. నేను చెప్పింది తప్పితే నా గుమ్మంలోనే నిలబడి తిట్టేవాళ్లు, అట్లా రెండుసార్లు తిట్లు తిన్నాను కూడా.

ఫోనులో అంకె కనిపించడం మొదలయ్యాక ఇప్పుడెవరూ రావడం లేదు. తొలకరి ముందు తలుపు చప్పుడైతే ఇప్పటికీ నా చూపు అటే పోతుంది. రానివాళ్లను నేను తప్పు పట్టను, ఎవరి తొందర వాళ్లది, కంపెనీల దగ్గర నాకంటే పెద్ద చదువులు చదివినవాళ్లే ఉండి ఉంటారు, వాళ్ల లెక్కలూ చాలామట్టుకు నిజమే అయి ఉంటాయి. నాకు కోపం తెప్పించేది ఒకటే. ఆ రోజు మా అక్కకు ఎవరిని అడగాలో తెలుసు. బస్సెక్కి వచ్చింది, గడప దగ్గర నిలబడింది, నా ముఖం చూసి అడిగింది, జవాబు లేని నా ముఖం కూడా చూసింది. రేపు బావ చేలో గింజ పగలకపోతే, ఆయన ఏ బస్సెక్కాలి, ఎవరి గడప దగ్గర నిలబడాలి?