మావయ్య అతికిన తీగ

మంగళవారం పొద్దున్న అత్తయ్య ఫోన్ చేసి, "మీ మావయ్య ఎల్లిపోనాడే" అంది. కొన్నాళ్లుగా ఆసుపత్రిలో జ్వరంతో ఉన్నాడు కనక ఆ మాటకి భయపడుతూనే ఉన్నాను.

మీలో ఎవరికీ ఆయన తెలియకపోవచ్చు. విజయనగరం వైపు నుంచి వచ్చి, కిరండూల్ రైలుమార్గంలో సిగ్నళ్లు బాగుచేస్తూ బతుకంతా గడిపిన మనిషి. రిటైరయ్యాక కూడా అడవుల మధ్య ఉన్న ఈ ఇనప గనుల ఊరు బచేలిని వదల్లేదు. నాన్న పోయాక నన్ను చదివించి, ఇక్కడే బళ్లో టీచరుగా నిలబెట్టింది ఆయనే. కోపమొచ్చినా గొంతు పెంచేవాడు కాదు.

కిందటి వానాకాలంలో ఆయన పాత కారుకి ఏదో జరగడం మొదలైంది. అత్తయ్య మధ్యాహ్నం ప్రార్థనకి వెళ్లొచ్చేసరికి, వాకిట్లో ఉన్న బండి బానెట్ వెచ్చగా ఉండేది. టైర్లకి ఎర్రబురద. ఓసారి చక్రం సందున అడవిలో పెరిగే సాల్ చెట్టు పచ్చి ఆకులు ఇరుక్కుని కనిపించాయి. మా వీధిలో ఆ చెట్టే లేదు. పెట్రోలు తగ్గేది గాని, లోపల వస్తువు ఒక్కటీ పోయేది కాదు.

"తీసుకెల్లి మల్లీ తెచ్చి పెట్టే దొంగేటే?" అన్నాడు మావయ్య. ఆయన కళ్లలో భయం మొదటిసారి అప్పుడే చూశాను. అడవి దారుల్లో మా బండి ఎవరి పనికి తిరుగుతోందో, రేపు పోలీసులొచ్చి ఎవరిని అడుగుతారో అని మాకు తిండి సయించలేదు.

ఆయన జగదల్పూర్ వెళ్లి అలారం సెట్టు తెచ్చాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే స్టీరింగు కింద పలక విప్పి, నన్ను సీట్లో కూర్చోబెట్టి, టెస్టరు లైటు ఒక్కో తీగకీ ఆనించి చూశాడు.

"తాళం తిప్పు... ఇంకా... ఆగు. అదిగో, లైటు ఎలిగింది."

తాళం చివరిదాకా తిప్పినప్పుడే కరెంటొచ్చే ఆ తీగ స్టార్టరుకి వెళ్తుంది. దాన్ని కోసి మధ్యలో రిలే, అంటే కరెంటుని ఆపే చిన్న స్విచ్చి, పెట్టాడు. ఇక రిమోట్‌తో అలారం ఆపకుండా ఎవరు తాళం తిప్పినా ఇంజను తిరగదు. తలుపుల లాకుల తీగలూ వెతికి దానికే కలిపాడు. ప్రతి అతుకుకీ సీసం కరిగించి పోస్తుంటే, టేపు చుట్టేస్తే పోదా అన్నాను.

"మెలిపెట్టి వదిలేత్తే దాన్ని పని అనరే, వాయిదా అంటారు. సిగ్నల్ పాడైతే ఎర్రదీపమే ఎలగాల. బండీ అంతే. అనుమానముంటే ఆగిపోవాల."

గురువారం మధ్యాహ్నం అలారం మోగింది. అత్తయ్య ప్రార్థనకి వెళ్లింది. నేను సెలవులో ఉండి వాళ్లింట్లోనే ఉన్నాను. పక్కింటాయన "చోర్! చోర్!" అని అరుస్తూ కర్రతో పరిగెత్తాడు. నేనూ వెనకే.

డ్రైవరు సీట్లో మావయ్య ఉన్నాడు. రిమోట్ ఇంట్లో గూట్లోనే ఉండిపోయింది. తాళం తిప్పుతున్నాడు, వదిలేసి చెవులు మూసుకుంటున్నాడు, మళ్లీ తిప్పుతున్నాడు.

నన్ను చూసి, "ఎవరమ్మా నువ్వు? డ్యూటీకి టైమైపోతంది. ఈ బండి ఏటో కదలట్నేదు" అన్నాడు.

పక్కింటాయన కర్ర కింద పెట్టేశాడు. అన్ని మధ్యాహ్నాలూ ఆ అడవి దారుల్లో బండి నడిపిందెవరో నాకప్పుడు తెలిసింది.

కాసేపటికి టీ తాగుతూ ఆయనే, "దొంగ దొరికేడా?" అని అడిగాడు. ఆయన గ్లాసులో ఇంకాస్త టీ పోశాను.

మతిమరుపు జబ్బన్నారు డాక్టరు. బజారు మెకానిక్ చేత సైరన్ తీయించాం. స్టార్టరు తీగ జోలికి మాత్రం అత్తయ్య ఎవరినీ పోనివ్వలేదు. రిమోట్ కొంగున ముడేసుకుంది. తాళం లాక్కుంటే చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడని అది ఆయనకే వదిలేసింది. రోజూ వెళ్లి బండిలో కూర్చునేవాడు. తిప్పేవాడు. బండి కదిలేది కాదు.

ఓ రోజు నేను వెళ్లేసరికి పలక విప్పి, టార్చి వేసి చూస్తున్నాడు. పక్కనే కటింగ్ ప్లయర్. తెంపేస్తాడనుకున్నాను. ఆయన ఆ అతుకు మీద వేలు పెట్టి మెల్లగా నిమిరాడు.

"ఎవడు సేసేడో గాని, శుబ్బరంగా సేసేడు. దీన్ని తెంపకూడదు. ఏదో కారనం ఉండే పెట్టుంటాడు."

పలక మళ్లీ బిగించేశాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. నా పేరు ఆయనకి గుర్తు లేదు. అయినా, "అన్నం తిన్నావా?" అని అడిగాడు.

సమాధి దగ్గర నుంచి వచ్చాక బండి తలుపు తీశాను. గనుల దుమ్ము లోపలంతా ఎర్రగా పేరుకుంది. స్టీరింగు మీద, చేతులు పట్టుకునే రెండు చోట్ల మాత్రం ఆ దుమ్ము ఇంకా పలచగానే ఉంది.