మే నెల వానా, చల్ల మిరపకాయలూ

బాలరాజుకు గాలి ఎక్కడ కొడితే అక్కడ అరచెయ్యి చాపడం అలవాటు. హోటల్ వెనక ఎగ్జాస్ట్ ఫ్యాను కనబడితే ఆగుతాడు. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సు ఎక్కబోతూ, ముందు దాని ఇంజను వేడి ఎటు కొడుతోందో చేత్తో చూసుకుని గానీ ఎక్కడు. ఈలోగా సీట్లు నిండిపోతాయి. "పెండ్లిసూపులల్ల గూడ నా మొకం సూడలే, మా ఇంట్ల టేబుల్ ఫ్యాన్ ఎనకకు వొయ్యి సూసిండు" అని ఆయన భార్య వెంకటనర్సమ్మ మా ఆవిడతో చెప్పి నవ్వేది.

ఆలేరు వైపు నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డ మనిషి. వాళ్ల ఇంటి గోడ అవతలే ప్లాస్టిక్ బకెట్లు చేసే ఫ్యాక్టరీ. ఆయన అందులో కూలింగ్ టవర్ ఆపరేటర్. వాళ్ల పక్కింట్లో మేం అద్దెకుండేవాళ్లం. ఆ టవర్ ఏం చేస్తుందని వచ్చిన కొత్తలో అడిగాను. మిషన్ల దగ్గర వేడెక్కిన నీళ్లు పైనుంచి జల్లులా పడుతుంటే, నెత్తి మీదున్న పెద్ద ఫ్యాను గాలిని కిందనుంచి పైకి లాగుతుందట. ఆ గాలికి నీళ్లు చల్లారి మళ్లీ మిషన్లకు పోతాయట. "సాసర్ల చాయ్ వోసి ఊదుకుంటం జూడు సార్, గంతే" అన్నాడు.

రెండువేల నాలుగు ఎండాకాలంలో ఆ చాయ్ తరిగిపోవడం మొదలైంది. ఆవిరికి ఎప్పుడూ పోయేవి పోగా ఇంకా చాలా నీళ్లు మాయమవుతున్నాయి. ఫ్యాక్టరీ వాళ్లు ట్యాంకర్ల మీద ట్యాంకర్లు తెప్పిస్తున్నారు. గోడకు ఇవతల మా గల్లీలో చూస్తే నల్లాలు ఎండిపోయి ఉన్నాయి. టవర్ వాల్వులన్నీ బాలరాజు చేతిలో ఉన్నాయి. మేనేజర్ మురళీధర్ ఈ మూడింటినీ కలుపుకున్నాడు. గల్లీకి పైపు వేశావా అని సూటిగా అడగలేదు గానీ, సోమవారంలోగా నీళ్లెక్కడికి పోతున్నాయో చెప్పకపోతే ఇక పనిలోకి రావద్దన్నాడు. బాలరాజు ప్రతి జాయింటూ తడిమాడు, తొట్టి అడుగు గోకాడు. ఎక్కడా చుక్క కారడం లేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చునేవాడు, తినేవాడు కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గోడకు ఇటువైపు ఇంకో తగాదా నడుస్తోంది. వెంకటనర్సమ్మ చల్ల మిరపకాయలు పెట్టింది. రాత్రంతా మజ్జిగలో నానేసి పగలు డాబా మీద ఆరబెడితే, మధ్యాహ్నానికల్లా మళ్లీ తడిసి ఉంటున్నాయి. కొన్నింటికి బూజు కూడా పట్టింది. మా ఆవిడ విజయశ్రీ తడి బట్టలు తమ వైపు దులుపుతోందని వెంకటనర్సమ్మ అనుమానం. మా ఆవిడకు రోషమెక్కువ. మాటలు ఆగిపోయాయి. తన తప్పేం లేదని చూపించడానికి విజయశ్రీ నన్ను సాక్షిగా మిట్టమధ్యాహ్నం మా డాబా ఎక్కించింది. ఎండకు తట్టుకోలేక నల్ల గొడుగు తీసుకెళ్లాను.

ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా గొడుగు మీద సన్నగా చిటపటలు. చెయ్యి బయట పెడితే తడిసింది. నేను మురిసిపోయి అలాగే నిలబడ్డాను. కింద షేర్ ఆటోలో కూర్చున్నవాళ్లు మెడలు బయటికి పెట్టి చూశారు. మే నెల ఎండలో డాబా మీద గొడుగేసుకుని చెయ్యి చాపిన మనిషి గురించి వాళ్లేమనుకున్నారో నేను విచారించలేదు.

గొడుగు ఆరాక దాని నిండా తెల్లటి చుక్కలు. మా ఆవిడ దాన్ని గోడ మీదుగా వాళ్లింటికి అందించింది, బట్టల నీళ్లు ఇలా ఉంటాయేమో చూసుకోమని. బాలరాజు ఒక చుక్కను గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు.

"గిది మా టవర్ నీళ్లే సార్. నా అంగీల మీద గివే సుక్కలుంటయ్."

నీళ్లు పైపులోంచి కాదు, గాలిలోంచి పోతున్నాయి. బాగానే ఉంది. కానీ టవర్ ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంది, మిరపకాయలు ఏటా ఎండుతూనే ఉన్నాయి. ఈ ఏడే ఎందుకు? డాబా మీద ఆలోచిస్తూ కూర్చున్న బాలరాజు చూపు ఆ మిరపకాయల కిందికి పోయింది.

అవి ఆరుతున్నది మెలికలు తిరిగిన ప్లాస్టిక్ అట్టల మీద. ఉగాదప్పుడు టవర్ కడుగుతూ వాటిని ఫ్యాను కిందనుంచి బయటికి తీశారు. అవి లేకుండా ఫ్యాను తిప్పి చూస్తే గాలి ఇంకా బాగా ఆడింది, నీళ్లు ఇంకా చల్లబడ్డాయి. ఇవి ఉత్త అడ్డమేనని బాలరాజు తేల్చుకున్నాడు. మేనేజర్‌కు చూపిస్తే ఆయనా సంతోషించి, చెత్తే కదా, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. వాటి మీద మిరపకాయలు పోస్తే సందుల్లోంచి మజ్జిగ కిందికి కారిపోతుంది, గాలి పైకి తగులుతుంది. ఆ ఫ్యాక్టరీ నుంచి ఇంటికి పనికొచ్చిన వస్తువు ఇదొక్కటేనని వెంకటనర్సమ్మ చెప్పుకునేది కూడా.

బాలరాజు ఒక అట్ట ఎత్తాడు. మిరపకాయలు దొర్లిపోయాయి. చెంబెడు నీళ్లు తెప్పించి, నన్ను ఎదురుగా నిలబడమన్నాడు. ఇస్త్రీ చేసేవాళ్లలా పుక్కిట పట్టి నా మీదికి బుస్సున ఊదాడు. మొహం, కళ్లజోడు, చొక్కా తడిసిపోయాయి. మళ్లీ పుక్కిట పట్టి, ఈసారి అట్ట అడ్డం పెట్టుకుని ఊదాడు. నాకు గాలి మాత్రం తగిలింది, మజ్జిగ వాసనతో. నీళ్లన్నీ ఆ మెలికలకు కొట్టుకుని ఆయన కాళ్ల మీదే కారాయి.

ఉత్త అడ్డమని తను తీసేసినవే ఇన్నాళ్లూ నీళ్లను గాలికి పోకుండా ఆపాయి.

మేనేజర్‌కు చెప్తే దొంగతనం నింద పోతుంది. కానీ టవర్ గురించి ఎవరేమడిగినా చెప్పే బాలరాజుకు టవరే తెలియదన్న మాట మిగులుతుంది. పైగా, తీసుకుపొమ్మన్న పెద్దమనిషికి తన మాట తనకే ఎదురొస్తే ఎలా ఉంటుందో. బాలరాజు అట్టను తిప్పుతూ ఇదంతా పైకే అనేశాడు. వెంకటనర్సమ్మ మిరపకాయలు ఏరుకుంటూ తలెత్తకుండానే అంది.

"దొంగ అంటే నేనూకోను. తెలివిలేదంటే ఊకుంటా. గది నేను రోజూ అనేదే."

సోమవారం పొద్దున అట్టలు మోపు కట్టి నెత్తికెత్తుకున్నాడు. మిగిలినవి వెంకటనర్సమ్మ పట్టుకుంది. చివరివి రెండు మా ఇద్దరి చంకల్లోకి వచ్చాయి. గల్లీ అంతా చూసింది. మురళీధర్ అట్టలు చూశాడు, ఒకటి వాసన చూసి తుమ్మాడు. బాలరాజు మొత్తం చెప్పాడు, ఒక్క ముక్క తప్ప.

"ఇవి తీసుకుపోతానని నువ్వు అడిగినప్పుడు నేనేమన్నాను?" అన్నాడు మురళీధర్.

"యాదికి లేదు సార్."

"నాకుంది" అన్నాడాయన. కాసేపటికి చొక్కా చేతులు మడిచి, నిచ్చెన ఎక్కుతున్న బాలరాజుకు ఒక్కో అట్టా తనే అందించాడు. ఇలా గాలికి పోయే నీళ్లను విండేజ్ లాస్ అంటారని, తను చదువుకున్నదేనని చెప్పాడట. ఆ మాట ఆ రోజే గోడ దాటి వచ్చింది. తర్వాత మా గల్లీలో చెప్పు కనబడకపోయినా, గిన్నెలో కూర తగ్గినా "ఇండేజ్ల వోయింది" అనేవాళ్లు.

అట్టలు బిగించాక, వాటికి పట్టిన చల్ల మిరపకాయల వాసనకు రెండు రోజులు టవర్ పక్కనుంచి పోయినవాళ్లందరికీ ఆకలేసింది. డాబా మీద మళ్లీ చుక్క పడలేదు. పాత చీర మీద ఎండిన మిరపకాయలు ఒక డబ్బాడు మా ఇంటికి వచ్చాయి. విజయశ్రీ వేయించి, పెరుగన్నం కలిపి, సగం వాళ్లకే పంపింది.

తెలంగాణ వచ్చిన ఏడాది ఉప్పల్‌లో ఒక పెద్ద ఆఫీసు బిల్డింగు వెనక బాలరాజు కనిపించాడు. జుట్టు నెరిసింది, పని మానేశాడు. పైన కొత్త కూలింగ్ టవర్ ఫ్యాను తిరుగుతోంది. ఆయన కింద అరచెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి సిగ్గుపడి చెయ్యి దించబోయాడు. నేనూ పక్కన నిలబడి చెయ్యి చాపాను. పొడిగానే ఉంది.

"అట్టలున్నయ్ సార్" అన్నాడు తృప్తిగా.